ఓటీపీ కొడితే సంతకం ఎలా అవుతుంది?

అద్దె అగ్రిమెంటు నుంచి కోట్ల రూపాయల కాంట్రాక్టు దాకా కాగితం తాకకుండానే రాసుకుంటున్నాం, దిద్దుకుంటున్నాం, సంతకాలు చేసుకుంటున్నాం. ఆ సంతకానికి విలువ ఎక్కడినుంచి వస్తోంది?

మీ ఫోనుకు రెండు పీడీఎఫ్‌లు వచ్చాయనుకోండి. రెండూ ఒకే ఇంటి అద్దె ఒప్పందం. మొదటిదాని చివర నీలిసిరాతో వంపులు తిరిగిన సంతకం ఉంది. చూడగానే ఇంటి యజమానిదేనని గుర్తుపట్టేయొచ్చు. రెండోదాంట్లో చేతిరాతన్నదే లేదు. ఓ మూల చిన్న గడి, అందులో అచ్చక్షరాల్లో ఆయన పేరు, తేదీ, సమయం. అంతే. ఈ రెంటిలో ఏది గట్టి పత్రం?

మొదటిదే అనిపించడం సహజం. కానీ ఆ నీలిసిరా సంతకాన్ని ఏ పాత రశీదు నుంచో ఫోటో తీసి, కత్తిరించి, అతికించడం ఫోను వాడే ఎవరికైనా చేతనైన పనే. పైగా సంతకం అయ్యాక పై పేజీల్లో అద్దె అంకె మార్చేసినా కింద సంతకం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. రెండోదాంట్లో అంకె కాదు కదా, కామా ఒకటి తీసేసినా విషయం బయటపడిపోతుంది. కనిపించే సంతకం కన్నా కనిపించనిది ఎందుకు గట్టిదైందో అర్థం కావాలంటే, ఒప్పందం పుట్టిన దగ్గర్నుంచి దాని వెంట నడవాలి.

కాగితం ఉన్నది సాక్ష్యానికే

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఒప్పందం చెల్లడానికి అది అడిగేవి కొన్నే. ఇరుపక్షాలూ ఒప్పందం చేసుకోవడానికి అర్హులై ఉండాలి. ఒత్తిడి, మోసం లేకుండా మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ప్రతిఫలం, ఉద్దేశం చట్టబద్ధంగా ఉండాలి. కొన్ని ప్రత్యేక సందర్భాలు తప్పిస్తే, రాసి తీరాలన్న నియమం లేదు. నోటిమాట మీద కుదిరిన బేరం కూడా బేరమే. రేపు ఎవరైనా ‘నేనలా అనలేదు’ అంటే చూపించడానికే కాగితం, సంతకం, సాక్షులు.

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక కేసు చెబుతుంది. ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య 2007లో బాక్సైట్ సరఫరాపై ఈమెయిళ్లు నడిచాయి. అయిదు నౌకల సరకుకు మెయిల్‌లోనే బేరం ఖరారైంది. వివరమైన కాంట్రాక్టు మీద సంతకాలు పడకముందే తేడాలొచ్చాయి. సంతకాలే లేనప్పుడు ఒప్పందం ఎక్కడుందన్న వాదనను సుప్రీంకోర్టు 2010లో ఒప్పుకోలేదు. ముఖ్యమైన షరతుల మీద ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చినట్లు మెయిళ్లే చెబుతున్నాయని తేల్చింది.

2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపు ఇచ్చింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు చెల్లకుండా పోదని 2008 సవరణలో చేరిన 10ఏ సెక్షన్ స్పష్టం చేసింది. కాబట్టి చెల్లుతుందా లేదా అన్నది పెద్ద చిక్కు కాదు. ఫలానా మనిషి, ఫలానా మాటలకే ఒప్పుకున్నాడని రుజువు చేయడమే అసలు చిక్కు. డిజిటల్ కాంట్రాక్టు వెనుక ఉన్న సాంకేతికత మొత్తం ఈ రుజువు కోసమే.

ఇద్దరు ఒకేసారి దిద్దితే?

ఒప్పందం మొదట ముసాయిదాగా పుడుతుంది. పూర్వం డాక్యుమెంట్ రైటర్ దగ్గర పాత దస్తావేజు చూసి కొత్తది రాసేవారు. పేర్లు మార్చేటప్పుడు ఒకచోట పాత పేరు అలాగే ఉండిపోయేది. ఇప్పటి కాంట్రాక్టు సాఫ్ట్‌వేర్‌లో అద్దె, అడ్వాన్సు, గడువు లాంటివి ఖాళీ గళ్లుగా ఉంటాయి. అద్దె అంకెను ఒకచోట నింపితే అది వాడిన ప్రతి పేరాలోకీ అదే వెళ్తుంది. మొదటి పేజీలో ఒక అంకె, అయిదో పేజీలో మరో అంకె ఉండే అవకాశం పోతుంది.

తర్వాత బేరసారాలు. యజమాని కాకినాడలో, అద్దెకు దిగేవారు బెంగళూరులో, ఫ్లాటు హైదరాబాద్‌లో. ఇద్దరూ ఒకే పత్రాన్ని ఒకేసారి తెరిచారు. యజమాని మూడో అక్షరం దగ్గర అయిదు అక్షరాల మాట చేర్చారు. సరిగ్గా అదే క్షణంలో అద్దెదారు ఇరవయ్యో అక్షరాన్ని చెరిపేశారు. రెండు ఆదేశాలూ సర్వర్‌కు చేరాయి. మొదటిది అమలు కాగానే ముందు అయిదు అక్షరాలు చేరాయి కాబట్టి, అద్దెదారు చెరపదలచుకున్న అక్షరం ఇరవై అయిదో స్థానానికి జరిగిపోయింది. ఆదేశాన్ని ఉన్నదున్నట్లు పాటిస్తే ఇంకేదో అక్షరం ఎగిరిపోతుంది.

అందుకే సర్వర్ రెండో ఆదేశంలోని ‘20’ని ‘25’గా సవరించి అప్పుడు అమలు చేస్తుంది. అటు నుంచి వచ్చిన మార్పును ఇటు, ఇటు నుంచి వెళ్లిన మార్పును అటు ఇలా సర్దుతూ పోతే చివరికి ఇద్దరి తెరల మీదా ఒకే పాఠం మిగులుతుంది. ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో ప్రతిపాదించిన ఉపాయం ఇది. గూగుల్ డాక్స్ లాంటి సేవల్లో పదిమంది ఒకేసారి దిద్దగలగడానికి ఈ దారే ఆధారం.

మరి అవతలివారు ఎక్కడ ఏం మార్చారో తెలిసేదెలా? రెండు ప్రతులనూ పోల్చి, రెంటిలోనూ అదే వరుసలో ఉన్న అతిపెద్ద ఉమ్మడి భాగాన్ని కంప్యూటర్ వెతుకుతుంది. పాతదాంట్లో ఉండి ఉమ్మడిలో లేనిది కొట్టివేత, కొత్తదాంట్లో మాత్రమే ఉన్నది చేర్పు. బెల్ ల్యాబ్స్‌లో హంట్, మెక్‌ఇల్‌రాయ్ 1976లో ఈ పద్ధతిని వివరించారు. ఎర్రగీతలతో కనిపించే సవరణల ప్రతి వెనుక ఉన్నది ఇలాంటి లెక్కే. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అంటూ మెయిళ్లలో తిరిగే ప్రతుల గందరగోళం ఇక్కడ తగ్గుతుంది. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారన్న చరిత్ర కూడా పత్రంతోపాటే ఉంటుంది.

12 వేలు 72 వేలైతే పట్టుకునేదెవరు?

ముసాయిదా ఖరారైంది. ఇక దాన్ని కదలకుండా కట్టేయాలి. ఇక్కడ వాడే సాధనం పేరు హ్యాష్. పత్రంలోని ప్రతి అక్షరాన్నీ, ఖాళీనీ, అంకెనూ మిక్సీలో వేసినట్లు కలగలిపి చివరికి ఒక స్థిరమైన పొడవున్న సంఖ్యను తీసే లెక్క అది. ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఒక పేజీ ఒప్పందానికైనా, వెయ్యి పేజీల టెండరుకైనా ఫలితం 256 బిట్లే.

దీనికి చిన్న చుట్టం మీ ఆధార్ కార్డులోనే ఉంది. 12 అంకెల్లో చివరిది, ముందున్న 11 అంకెల మీద లెక్కకట్టి పెట్టింది. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే చివరి అంకె కుదరదు, కంప్యూటర్ వెంటనే కాదంటుంది. కానీ అది పొరపాట్లను పట్టడానికే తప్ప మోసాన్ని ఆపడానికి కాదు. చివరిది పది అంకెల్లో ఒకటే కదా, కావాలని కుదిర్చేయడం తేలిక.

హ్యాష్‌లో ఆ తేలిక ఉండదు. అద్దె 12,000ను 72,000గా మారిస్తే మారింది ఒక్క అంకే, కానీ హ్యాష్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మార్పు చిన్నదా పెద్దదా అన్నది కూడా ఫలితం చూసి చెప్పలేం. హ్యాష్ నుంచి వెనక్కి వెళ్లి పత్రాన్ని రాబట్టలేం. అదే హ్యాష్ వచ్చేలా మరో పత్రాన్ని తయారుచేద్దామంటే, వీలున్న విలువల సంఖ్య 78 అంకెల పొడవు. గుడ్డిగా వెతికి పట్టుకోవడం ఏ కంప్యూటర్‌కూ సాధ్యం కాదు.

అయితే ఏ పద్ధతీ శాశ్వతం కాదు. పాతదైన ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతిలో ఒకే హ్యాష్ ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు 2017లో తయారుచేసి చూపించారు. సంతకాలకు ఆ పద్ధతిని పక్కన పెట్టాలని నిపుణులు అంతకుముందు నుంచే హెచ్చరిస్తున్నారు.

రెండు కీల గణితం

పత్రం మారలేదని హ్యాష్ చెబుతుంది. ఒప్పుకున్నదెవరో చెప్పదు. దానికి కావలసింది సంతకం. అమెరికా పరిశోధకులు డిఫీ, హెల్‌మన్ 1976లో ఒక ఆలోచన బయటపెట్టారు. ఒకదానికొకటి జతగా ఉండే రెండు కీలు తయారు చేయాలి. ఒకటి రహస్యం, రెండోది బహిరంగం. రహస్య కీతో చేసిన పనిని బహిరంగ కీతో ఎవరైనా సరిచూడగలగాలి, కానీ బహిరంగ కీని చూసి రహస్య కీని ఎవరూ కనుక్కోలేకపోవాలి. మరుసటి ఏడాదే రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ దాన్ని ఆచరణలో పెట్టే లెక్క కనిపెట్టారు. ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్‌ఎస్‌ఏ అంటారు.

దాని కిటుకు బడిలో నేర్చుకున్న ప్రధాన సంఖ్యల్లో ఉంది. 1009ని 1013తో గుణించమంటే కాగితం మీద నిమిషంలో 10,22,117 అని చెప్పేస్తారు. 10,22,117 ఇచ్చి ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో కనుక్కోమంటే చాలాసేపు కుస్తీ పట్టాలి. గుణించడం సులువు, విడదీయడం కష్టం. నేడు వాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏలో ఆ లబ్ధం 617 అంకెల సంఖ్య. లబ్ధం అందరికీ తెలిసినా, అందులోని రెండు సంఖ్యలు తెలిసినవారికే రహస్య కీ దొరుకుతుంది.

ఇక సంతకం జరిగే తీరు ఇది. ఒప్పందం హ్యాష్‌ను తీసి, దాని మీద రహస్య కీతో లెక్కచేస్తే వచ్చే సంఖ్యే డిజిటల్ సంతకం. అందుకున్నవారి కంప్యూటర్ రెండు పనులు చేస్తుంది. చేతిలో ఉన్న పత్రం హ్యాష్‌ను తనంతట తాను కొత్తగా తీస్తుంది. సంతకాన్ని బహిరంగ కీతో విప్పి, అందులోని హ్యాష్‌ను బయటికి తెస్తుంది. రెండూ కలిస్తే రెండు సంగతులు ఒకేసారి రుజువైనట్లు. పత్రం మారలేదు, సంతకం ఆ రహస్య కీ ఉన్నవారిదే. చేతి సంతకం అన్ని పత్రాల మీదా ఒకేలా ఉంటుంది, అందుకే కత్తిరించి అతికించొచ్చు. డిజిటల్ సంతకం ఆ పత్రంలోని అక్షరాల నుంచే పుడుతుంది. దాన్ని తీసుకెళ్లి మరో పత్రానికి అతికిస్తే లెక్క కుదరదు.

ఆ కీ ఫలానావారిదేనని చెప్పేదెవరు?

మీ పేరుతో నేనే ఒక కీల జత తయారుచేసుకుని సంతకం చేస్తే? గణితం దాన్నీ సరైనదే అంటుంది. అందుకే ఈ కీ ఈ మనిషిదని ధ్రువీకరించే సంస్థలు కావలసి వచ్చాయి. మన దేశంలో వాటికి లైసెన్సులిచ్చేది కేంద్ర ప్రభుత్వ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్. కంట్రోలర్ సంతకం లైసెన్సు సంస్థ సర్టిఫికెట్ మీద, ఆ సంస్థ సంతకం మీ సర్టిఫికెట్ మీద ఉంటాయి. రిజర్వు బ్యాంకు నెలకొల్పిన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్ రంగానికి ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ.

డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌ను కంప్యూటర్లో తెరిస్తే సంతకం గడి మీద పసుపురంగు ప్రశ్నార్థకం కనిపించడం చాలామందికి అనుభవమే. పత్రం నకిలీదని దానర్థం కాదు. పీడీఎఫ్ చూపే సాఫ్ట్‌వేర్ దగ్గర తాను నమ్మే సంస్థల జాబితా ఉంటుంది. మన కంట్రోలర్ మూల సర్టిఫికెట్ అందులో లేకపోతే ‘నాకు తెలియదు’ అని ప్రశ్నార్థకం పెడుతుంది. సర్టిఫికెట్‌ను తెరిచి, అది ఎవరి దగ్గర మొదలై ఎవరిదాకా వచ్చిందో చూసి, నమ్ముతున్నానని చెబితే అది టిక్కుగా మారుతుంది. చూడకుండా నమ్ముతున్నానని నొక్కకూడదు. మోసగాడు సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్ కూడా అప్పుడు టిక్కు తెచ్చుకుంటుంది.

ధ్రువీకరించే సంస్థే దెబ్బతింటే ఏమవుతుందో 2011లో నెదర్లాండ్స్ చూసింది. డిజినోటార్ అనే సంస్థ వ్యవస్థలోకి హ్యాకర్లు చొరబడి గూగుల్ పేరుతో సహా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. బ్రౌజర్లు ఆ సంస్థను తమ నమ్మకం జాబితా నుంచి తీసేశాయి. అదే ఏడాది అది దివాలా తీసింది.

> ఓటీపీ కొట్టాక తెర వెనుక: ఆధార్ ఈ-సైన్
>
> 1. ఒప్పందం మీరు తెరిచిన సైటులోనే ఉంటుంది. సంతకం సేవ అందించే సంస్థకు దాని హ్యాష్ మాత్రమే వెళ్తుంది.
> 2. ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. దాన్ని కొడితే మీరెవరో ఆధార్ వ్యవస్థ నిర్ధారిస్తుంది.
> 3. భద్రమైన యంత్రంలో ఈ ఒక్క సంతకం కోసమే కొత్త కీల జత పుడుతుంది.
> 4. ఆ బహిరంగ కీ మీదేనంటూ లైసెన్సు సంస్థ 30 నిమిషాలు చెల్లే సర్టిఫికెట్ ఇస్తుంది.
> 5. రహస్య కీతో హ్యాష్ మీద సంతకం జరుగుతుంది. వెంటనే ఆ రహస్య కీని నాశనం చేస్తారు.
> 6. సంతకం, సర్టిఫికెట్ రెండూ పీడీఎఫ్‌లో చేరతాయి.
>
> సర్టిఫికెట్ గడువు 30 నిమిషాలే అయినా సంతకానికి ఆ గడువు వర్తించదు. సంతకం చేసిన క్షణంలో సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందా అన్నదే లెక్క. అందుకే సంతకంలో సమయం నమోదు కావడం కీలకం.

చట్టం గీసిన గీతలు

అన్ని పత్రాలకూ ఈ దారి లేదు. వీలునామా, ట్రస్టు పత్రం ఇప్పటికీ ఐటీ చట్టం పరిధికి బయటే ఉన్నాయి. ఇరుగుపొరుగు మధ్య చేబదులుకు రాసుకునే ప్రోనోటు, వ్యక్తులు ఒకరికొకరు ఇచ్చుకునే పవర్ ఆఫ్ అటార్నీ కూడా అంతే. రిజర్వు బ్యాంకు, సెబీ లాంటి నియంత్రణ సంస్థల కిందున్న సంస్థల పేర రాసే డిమాండ్ ప్రోనోట్లు, పవర్ ఆఫ్ అటార్నీలకు 2022లో మినహాయింపు వచ్చింది. స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలను కూడా అప్పుడే నిషేధిత జాబితా నుంచి తీసేశారు. అలాగని ఇల్లు కొనడం ఓటీపీతో అయిపోదు. చట్టం రిజిస్ట్రేషన్ కావాలన్న పత్రానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం తప్పదు. స్టాంపు డ్యూటీ కూడా తప్పదు. డ్యూటీ కట్టని ఒప్పందం దానంతట అది రద్దయిపోదు గానీ, బకాయి కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

తెర మీద వేలితో గీసిన గీతో, టైపు చేసిన పేరో సంతకంగా పెట్టే సేవలూ ఉన్నాయి. ఆధార్ మొబైల్ నంబరు వాడుకలో లేని ప్రవాసులకు అవి అక్కరకొస్తాయి. వాటితో కుదిరిన ఒప్పందమూ ఒప్పందమే. కాకపోతే వివాదం వస్తే ఈమెయిల్, లాగిన్ వివరాలు, మార్పుల చరిత్ర లాంటి ఇతర ఆధారాలతో అది ఫలానావారి సంతకమేనని నిరూపించుకోవాలి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ఎలక్ట్రానిక్ పత్రాన్ని కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఇవ్వాల్సిన ధ్రువపత్రం నమూనాలో హ్యాష్ విలువకు కూడా చోటిచ్చింది. గణిత పుస్తకాల్లోని లెక్క కోర్టు కాగితాల్లోకి చేరింది.

గణితం పట్టుకోలేనివి

ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటులోనూ కన్నాలు పడ్డాయి, ఎక్కువగా లెక్క చుట్టూ ఉన్న పనిముట్లలో. జర్మనీలోని రూర్ బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పీడీఎఫ్ చూపే 22 డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. సంతకమయ్యాక మార్చిన పత్రాన్ని సరైనదేనని చూపేలా వాటిలో 21ని ఏమార్చగలిగారు. తయారీదార్లు తర్వాత సరిదిద్దారు. మీ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకోవాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. డిజిటల్ సంతకాల్లో అందరికన్నా ముందున్న ఎస్టోనియాలో గుర్తింపు కార్డుల చిప్ కీలు తయారుచేసే తీరులో లోపముందని 2017లో బయటపడింది. 7 లక్షలకు పైగా కార్డుల మీద దాని ప్రభావం పడింది.

ముందున్న సవాలు క్వాంటం కంప్యూటర్. తగినంత పెద్దది తయారైతే 617 అంకెల లబ్ధాన్ని విడదీయడం దానికి కష్టం కాదని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. దాన్ని తట్టుకునే కొత్త సంతకం పద్ధతులకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రమాణాలు ప్రకటించింది. ముప్పై ఏళ్ల లీజు రాసుకునేవారికి ఇది ఇప్పటి సమస్యే.

మన దగ్గర మాత్రం అతిపెద్ద కన్నం వేరే ఉంది. చిన్న వ్యాపారులు చాలామంది తమ రహస్య కీ ఉన్న యూఎస్‌బీ టోకెన్‌ను, పిన్‌తో సహా ఆడిటర్ ఆఫీసులోనో గుమస్తా చేతిలోనో వదిలేస్తారు. ఖాళీ స్టాంపు పేపర్ల కట్ట మీద ముందే సంతకాలు చేసి ఇచ్చిన దానికి అది ఏమాత్రం తీసిపోదు. సంతకం ఆ కీతో జరిగిందని మాత్రమే గణితం చెబుతుంది. టోకెన్ పెట్టిన వేలు ఎవరిదో దానికి తెలియదు. ఒప్పందాన్ని చదివారా, అర్థమైందా, ఇష్టపడే ఒప్పుకున్నారా అన్నదీ తెలియదు. చట్టం 1872 నుంచీ అడుగుతున్నది మాత్రం సరిగ్గా ఆ ఇష్టాన్నే.

కాబట్టి నాలుగు పనులు చేయండి. ఒప్పందం మొత్తం చదివాకే ఓటీపీ కొట్టండి, చదివే వ్యవధి ఇవ్వనివారి పత్రం మీద అసలు కొట్టొద్దు. టోకెన్, పిన్ ఎవరికీ ఇవ్వొద్దు. సంతకమైన పీడీఎఫ్ ఫైలును అలాగే అడిగి తీసుకుని రెండుచోట్ల దాచుకోండి. ప్రింటు తీసిన కాగితంలోనూ, స్క్రీన్‌షాట్‌లోనూ ఆ సంతకం ఉండదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ మాట ముందే కనుక్కోండి.